రెండు వందల పదిహేడో పెట్టె

యార్డులో వాళ్లిద్దరికీ కలిపి ఒకటే పేరు. అత్తా నత్తా.

అత్త అంటే యజమానురాలు. పాత కంప్యూటర్లు కొని తెచ్చి, విప్పి, పనికొచ్చేవాటిని బాగుచేసి, పనికిరానివాటిలోంచి రాగిని, అల్యూమినియాన్ని, ప్లాస్టిక్‌ని దేనికది వేరుచేసి పంపే ఆ యార్డు ఆమెది. నత్త ఆమె మేనకోడలు. పనిలో చేరి నెలన్నరయింది. మిగతావాళ్లు గంటకు పది కంప్యూటర్లు విప్పితే తను ఆరు విప్పేది. ప్రతి స్క్రూనీ తీసి డబ్బాలో వేసేది, ప్రతి ముక్కనీ తిప్పి చూసేది, దానిమీద ఏ అంకె ఉంటే ఆ అంకె నోటుపుస్తకంలో రాసుకునేది. లోడింగు మేస్త్రీ ఆ పేరు పెట్టి ఎదురుగానే పిలిచేవాడు. తనూ పలికేది.

అత్త పెద్ద సంస్థల దగ్గరికే వెళ్లేది. ఆసుపత్రులు, బ్యాంకులు, యూనివర్సిటీలు. వందల్లో కొని వందల్లో పక్కన పడేసేది వాళ్లే. "సరుకు దొరకడం కష్టం కాదే, బయటికి రావడం కష్టం," అనేది. "అక్కడ మనిషి రిటైరవ్వాలంటే ఒక్క కాగితం చాలు. కంప్యూటరు రిటైరవ్వాలంటే పదకొండు కాగితాలు కావాలి."

ఆ సోమవారం పొద్దున వాళ్లు యూనివర్సిటీ సెల్లారులో ఉన్నారు. రెండువందల నలభై కంప్యూటర్లు. అన్నీ ఒకే ఏడాది ఒకే చోట కొన్నవి, కవలపిల్లల్లా ఒకటే పోలిక. గోడవారగా నడుమెత్తు వరకు పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని వీపున తెల్లరంగుతో నంబరు.

"ఇంతకుముందు వచ్చినవాళ్లు కాటా తెచ్చుకున్నారమ్మా," అన్నాడు స్టోర్ కీపరు. సన్నటి మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. "మొత్తం తూచి పట్టుకుపోతామన్నారు. మీరేంటి, పుస్తకం తెచ్చారు?"

"తూచడానికి ఇవేమైనా కూరగాయలా అన్నయ్యా?" అంది అత్త. "వీటిలో పిల్లల మార్కులున్నాయి, పరీక్ష పేపర్లున్నాయి, ఎవరెవరి ఇంటి అడ్రసులో ఉన్నాయి. ప్రతి హార్డ్ డిస్కూ మీ కళ్లముందే తీసి, మీ కళ్లముందే చిల్లుపెట్టి, నంబరు రాసి సంతకం తీసుకుంటాం. లారీ సంగతి ఆ తర్వాతే."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"మూడు రోజులు."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. అది నాలుగూ పదికి ఆగిపోయి ఉంది. "నా ఉద్యోగమూ మూడు రోజులే. బుధవారం సాయంత్రంతో ముప్పై ఒక్క ఏళ్లు పూర్తి. ముందు వీటిని గేటు దాటించి, తర్వాత నేను దాటాలి."

"గడియారం ఆగినట్టుందే."

"బ్యాటరీ అయిపోయింది. వెనక ఆ మూత తీయడం నాకు రాదమ్మా. గట్టిగా లాగితే విరుగుతుందేమోనని భయం. ఇంట్లో రిమోటు బ్యాటరీలు కూడా మా ఆవిడే మారుస్తుంది." ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పాడు. "నాకు వచ్చింది రాయడం ఒక్కటే."

ఆ రాత చూస్తే ఆ మాట చెప్పే హక్కు ఆయనకుందనిపించింది నత్తకి. స్టాకు రిజిస్టరు తెరిచి ముందుపెట్టాడు. అక్షరాలు పేర్చినట్టున్నాయి. ఎక్కడా ఒక కొట్టివేత లేదు, ఒకదాని మీద ఒకటి దిద్దిన అంకె లేదు. ఏ కుర్చీ ఏ గదికి ఏ తేదీన వెళ్లిందో, ఏ కాలు విరిగి ఏ తేదీన తిరిగొచ్చిందో ఉంది. పక్కన రిమార్కుల గడి ఒకటి. అందులోనూ పొల్లుమాట లేదు.

లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆయన నంబరు చదివితే నత్త ఆ కంప్యూటరు మీద చెయ్యివేసి "ఉంది" అనేది. మధ్యాహ్నానికి అయిపోయింది. రెండువందల ముప్పైతొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టారు. రెండువందల ముప్పైతొమ్మిది.

"217 లేదు బాబాయ్ గారూ," అంది నత్త.

"తెలుసమ్మా." ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "వారం రోజులుగా వెతుకుతున్నాను. మూడంతస్తుల్లో ప్రతి క్లాసు రూమూ చూశాను. మీరు లెక్కపెడితే ఎక్కడైనా కనబడుతుందేమోనని చిన్న ఆశ."

---

నాలుగింటికి తనిఖీ అధికారి వచ్చాడు. అరవడం, చిందులు వేయడం లేని మనిషి. అందుకే అతని మాట ఇంకా బరువుగా ఉంది.

"రిజిస్టరులో రెండువందల నలభై. ఇక్కడ ఒకటి తక్కువ. ఒకటి తక్కువతో గేట్ పాసు మీద నేను సంతకం పెట్టలేను. మీకు తెలియంది కాదు."

"తెలుసు సర్."

"బుధవారం మధ్యాహ్నానికి దొరికితే సరే. లేకపోతే, నా అజాగ్రత్త వల్ల పోయింది అని రాసి సంతకం పెట్టండి. ఇంకో దారి లేదు."

"సర్, నేను తాళం వేయకుండా ఒక్క రోజు కూడా..."

"పోయిందా లేదా?"

అధికారి రిజిస్టరు దగ్గరికి లాక్కుని, 217 ఎదురుగా రిమార్కుల గడిలో పెన్సిలుతో సన్నగా 'కనబడుట లేదు' అని రాసి వెళ్లాడు. సిరా పెట్టాల్సింది మీరే అన్నట్టుంది ఆ పెన్సిలు రాత.

స్టోర్ కీపరు చాలాసేపు ఆ గడి వైపే చూశాడు. తర్వాత పుస్తకం మూసి, దుమ్ము లేకపోయినా పైఅట్టని అరచేత్తో తుడిచాడు.

"అలా రాసిస్తే ఏమవుతుంది అత్తా?" అని నత్త గొంతు తగ్గించి అడిగింది.

"ఏమవుతుందా? ముప్పై ఒక్క ఏళ్లు అచ్చుతప్పు లేకుండా రాసిన పుస్తకానికి ఆఖరి పేజీలో దొంగ అని రాసుకున్నట్టవుతుంది. రేపట్నుంచి ఎవరూ ఆయన్ని ఏమీ అనరు. అనకుండా అదోలా చూస్తారు. అది ఇంకా అన్యాయం." అత్త డ్రిల్లింగ్ మిషను వైరు విప్పుతోంది. "కానివ్వు, పని మొదలుపెడదాం. చీకటి పడేలోపు నలభై అన్నా అవ్వాలి."

మొదటి కంప్యూటరు మూత తీసి నత్త ఆగిపోయింది.

పదేళ్లు వాడిన కంప్యూటరు విప్పితే లోపల దుమ్ము బొంత పరిచినట్టుండాలి. యార్డుకు వచ్చేవాటిలో బొద్దింకల గూళ్లుండేవి, ఒకసారి బల్లి అస్థిపంజరం కూడా దొరికింది. ఇది మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. ఫ్యాను రెక్కల సందుల్లో కూడా మురికి లేదు. వైర్లన్నీ ఒక పక్కకు సర్ది నీలం దారంతో కట్టారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"శుభ్రంగా వాడారే," అంది అత్త. డిస్కులు చిల్లుపెట్టే హడావిడిలో ఉంది.

మెట్ల మీద బకెట్టు చప్పుడైంది. తుడిచే ఆమె దిగింది. యాభై దాటిన మనిషి. పిల్లలందరూ ఫినాయిలమ్మ అంటారని, ఆమె వచ్చిందని ముందు వాసన చెబుతుందని స్టోర్ కీపరు నవ్వించడానికన్నట్టు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు, ఆమె తప్ప. గుడ్డను తడిపి, పిండి, గోడ పక్కనుంచి మొదలుపెట్టింది.

నత్త వైర్ల కట్ట తెంచడానికి కత్తెర తీసింది. యార్డులో అందరూ చేసే పని అదే, కట్ట కనబడితే కటుక్కున కత్తిరించడం. కత్తెర దారం మీదికి వెళ్లినప్పుడు ఫినాయిలమ్మ చెయ్యి ఒక్కసారి ముందుకొచ్చి వెనక్కి పోయింది. బజారులో పక్కవాళ్ల పిల్లాడు పడబోతుంటే మన చెయ్యి వెళ్లి ఆగుతుందే, అలా.

నత్త చూసింది. కత్తెర పక్కన పెట్టి దారాన్ని వేళ్లతో తడిమింది. ముడి చిన్నది, ఒక కొస కాస్త పొడుగ్గా వదిలి ఉంది. ఆ కొస లాగింది. కట్ట మొత్తం తనంతట తాను విచ్చుకుంది.

తల ఎత్తేసరికి ఫినాయిలమ్మ తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

---

మంగళవారం పదకొండింటికి, 18వ నంబరు కంప్యూటరులో ర్యాము తీసి నత్త అలవాటు ప్రకారం తిప్పి చూసింది. సరఫరా చేసినవాళ్లు గ్యారంటీ కోసం లోపలి ప్రతి భాగానికీ గోరంత స్టిక్కరు అంటించి, దానిమీద ఏ కంప్యూటరుదో ఆ నంబరు వేశారు. 18లో ఉన్న భాగాలన్నిటి మీదా 18 ఉండాలి. ఈ ర్యాము మీద 217 అని ఉంది.

నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. నిన్న సాయంత్రం తొమ్మిదో నంబరులో తీసిన సీడీ డ్రైవు: 217. రాసింది తనే, చూసుకోలేదు. గంటకు ఆరు విప్పే తన నిదానం మీద తనకే మొదటిసారి గౌరవం కలిగింది.

"అత్తా," అంది. "217 పోలేదు."

అత్త డ్రిల్లింగ్ మిషను ఆపింది. పుస్తకం చూసింది, ర్యాము చూసింది, పేర్చి ఉన్న వరసలు చూసింది. "ఒకటి విప్పి మిగతావాటికి పెట్టుకున్నారు. అంటే..."

"ఇక్కడే ఉంది. ముక్కలుగా ఉంది."

"డిస్కులకు చిల్లు పెట్టడం ఆపేద్దాం. ముందు అన్నీ తెరువు. నంబరు తేడా వచ్చింది ఏదైనా సరే, పక్కన పెట్టు." అని చీర కొంగు నడుముకు దోపి తనూ కూర్చుంది. యార్డుకి ఫోను చేసి ఇంకో ఇద్దర్ని రమ్మంది. వాళ్లకు నత్త చేత చెప్పించింది. "తిప్పి చూడండి. స్టిక్కరు చదవండి. తొందరపడకండి." ఆ మాట వాళ్లకు చెప్పే రోజొస్తుందని నత్త అనుకోలేదు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి 52లో ఇంకో ర్యాము దొరికింది. 77లో ఫ్యాను. 96లో పవర్ బాక్సు. చేతులు జిడ్డయ్యాయి. సెల్లారు కుళాయిలో నీళ్లు రావడం లేదు. పైకెళ్తే, పై అంతస్తు మెట్ల కింద చీపుర్ల గదిలో వస్తాయని స్టోర్ కీపరు చెప్పాడు.

ఆ గదిలో ఒక మనిషి తిరగడానికే చోటు. ఒక మూల కుళాయి, ఇంకో మూల చీపుర్లు, తుడిచే గుడ్డల కర్రలు. నత్త చేతులు కడుక్కుని తల తిప్పేసరికి, కర్రకు గుడ్డల కట్ట కట్టిన ముడి కంటపడింది. నీలం దారం. ఒక కొస కాస్త పొడుగు.

కింద ఫినాయిలు సీసాలు వరసగా ఒక ఎత్తుపీట మీద పెట్టి ఉన్నాయి. పీట మీద పాత దుప్పటి ముక్క కప్పారు. నత్త వంగి దుప్పటి కొస ఎత్తింది. తెల్లరంగు అంకె సగం కనబడింది. మిగతా సగం చూడాల్సిన పనిలేదు.

"చెప్తావా?"

ఫినాయిలమ్మ గుమ్మంలో ఉంది. ఖాళీ బకెట్టు రెండు చేతులతో పొట్టకి ఆనించుకుంది.

నత్త దుప్పటి సర్దింది. "మీరేనా అమ్మా?"

"స్విచ్చు విరిగిందమ్మా దానికి. ఒక్క స్విచ్చు. మూల పడేశారు. మిగతాదంతా రాయిలా ఉంది. మెకానిక్కేమో మూడు నెలలకొకసారి." ఆమె గొంతు బకెట్టులోకి మాట్లాడుతున్నట్టుంది. "ల్యాబులో పనిచేయనివి పెరిగేకొద్దీ పిల్లలు ఒక్కోదానికి ఇద్దరు, ముగ్గురు. కుర్చీలో కూర్చున్నవాళ్లకే మౌసు. వెనక నిలబడినవాళ్లు రోజూ వాళ్లే. ఊళ్లనుంచి వచ్చిన ఆడపిల్లలు. మూడేళ్లు నిలబడి చూసి, మౌసు ముట్టుకోకుండానే వెళ్లిపోయినవాళ్లున్నారు. తుడుస్తూ వాళ్ల కాళ్లే చూసేదాన్ని నేను. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతుండేవి."

"ఎవరు నేర్పారు?"

"మెకానిక్కు విప్పేటప్పుడు అక్కడే తుడిచేదాన్ని. ఎంతసేపు తుడిచినా ఎవరూ అడగరు కదా." ఒక్క క్షణం పెదవి చివర నవ్వు వచ్చి పోయింది. "పొద్దున ఆరింటికి నేను తాళం తీస్తాను. పిల్లలు తొమ్మిదింటికి వస్తారు."

"మరి స్టోరు బాబాయ్ గారికి చెప్పలేదా?"

"గోడ మీద బోర్డు చూశావా? ఊడ్చేవాళ్లు యంత్రాలు ముట్టుకోరాదు. నాకన్నా ముందున్నామె చేతిలో తడిగుడ్డ కీబోర్డుకు తగిలిందని మర్నాడే పంపించేశారు. ఇద్దరు పిల్లల్ని ఈ చీపురు మీదే పెంచాను. రిటైరవ్వడానికి ఇంకో నాలుగేళ్లుంది నాకు." బకెట్టు కింద పెట్టింది. "కానీ ఆ సారు... ఆయన్ని అంటారని నేననుకోలేదమ్మా. ఎవరికీ పట్టని దాన్ని ఎవరు లెక్కపెడతారనుకున్నాను."

మాటలు వెతుక్కోవడంలోనూ తను గంటకు ఆరే. చివరికి అంది. "ముక్కల సంగతి చెప్పాలమ్మా. అవి స్టిక్కర్ల మీదే రాసున్నాయి. పెట్టె సంగతి నేను చెప్పను. అది మీ ఇష్టం."

తిరిగి వచ్చాక అత్త నత్త మొహం చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "ఎవరో తెలిసిందా?"

నత్త తల వంచుకుంది.

"నన్నడగొద్దంటావు. సరే, అడగను." అత్త 140 మూత తీసి డిస్కు తిప్పి చూసి పక్కన పెట్టింది. ఆరోది. "ఎవరైనా కానీ, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇంత నీటుగా కట్టిన వైర్లు నేను చూడలేదు. మన యార్డులో ఒక్కడు కూడా కట్టలేడు, నాతో కలిపి."

ఆరింటికి 203లో మదర్ బోర్డు దొరికింది. ఏడు.

---

బుధవారం మధ్యాహ్నం సెల్లారు మధ్యలో ఒక బల్ల వేశారు. దానిమీద ఉతికిన గుడ్డ పరిచి ఏడు భాగాలూ వరసగా పెట్టింది నత్త. మదర్ బోర్డు, ర్యాములు రెండు, డిస్కు, పవర్ బాక్సు, ఫ్యాను, సీడీ డ్రైవు. స్టిక్కర్లు పైకి కనబడేలా. ప్రతిదాని ముందూ అది ఎందులో దొరికిందో ఒక చీటీ.

తనిఖీ అధికారి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ప్రతి స్టిక్కరూ వంగి చదివాడు.

"భాగాలు ఉన్నాయి. ఒప్పుకుంటాను. కానీ రిజిస్టరులో ఉన్నది కంప్యూటరు. దీని పెట్టె ఏది? దీన్ని విప్పిందెవరు? ఎవరి అనుమతితో?"

మెట్ల దగ్గర ఫినాయిలమ్మ గుడ్డ పిండుతోంది. పిండడానికి అందులో నీళ్లు లేవు.

స్టోర్ కీపరు అటు చూడలేదు. కానీ బల్ల మీద ఆయన చూపు 96 చీటీ పక్కన, పవర్ బాక్సు వైరుకు ఇంకా అంటుకుని ఉన్న నీలం దారం మీద ఆగింది. తర్వాత మెట్ల దగ్గర కర్రకు కట్టిన గుడ్డ మీదికి పోయింది. ముప్పై ఒక్క ఏళ్లు వస్తువుల ఆనవాళ్లు రాసుకున్న మనిషి. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"నేనే విప్పాను సర్."

"మీరా?"

"నేనే. పిల్లలు ఇబ్బంది పడుతుంటే... రాయడం మర్చిపోయాను."

అత్త నత్త చేతిని గట్టిగా పట్టుకుంది. గోడ మీద గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

అధికారి కూడా ఆ గడియారం వైపు చూశాడు. ఆయనకూ ఆ బ్యాటరీ మూత సంగతి తెలిసినట్టుంది. "మంచిది. అయితే ఆ ఫ్యాను బోర్డుకు బిగించండి."

స్టోర్ కీపరు ఫ్యాను అందుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. స్క్రూడ్రైవరును పెన్ను పట్టుకున్నట్టు మూడువేళ్లతో పట్టుకున్నాడు. స్క్రూ జారి బల్ల మీద దొర్లింది. ఏరుకుని మళ్లీ పెట్టాడు. ఫ్యాను తలకిందులుగా ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. అయినా ఆపలేదు. స్క్రూ పక్కకు ఒరిగి కిర్రుమంది.

మెట్ల మీద గబగబ అడుగుల చప్పుడు. నత్త తల తిప్పి చూస్తే అక్కడ బకెట్టు ఒక్కటే ఉంది.

వెళ్లిపోయింది, అనుకుంది నత్త. తప్పుపట్టాలనిపించలేదు. నాలుగేళ్లు. చేతిలో ఉన్న చీపురు. పెట్టె సంగతి చెప్పనని తను మాటిచ్చింది, అంతే.

కిర్రుమని స్క్రూ మళ్లీ జారింది.

"అలా కాదు సార్, గాడి పోతుంది."

ఫినాయిలమ్మ మెట్లు దిగుతోంది. దుప్పటి ముక్కతో సహా పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుంది. బల్ల దగ్గరికి వచ్చి దించి, దుప్పటి తీసింది. తెల్లరంగుతో 217. ముందువైపు స్విచ్చు ఉండాల్సిన చోట చిన్న గుంట.

"ఇటివ్వండి," అని స్టోర్ కీపరు చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది.

ముందు పెట్టెలో ఉన్నవి బయటికి తీసింది. ఏడు కాగితపు పొట్లాలు. వాటిని వరసగా పక్కన పెట్టింది. తర్వాత మదర్ బోర్డును రెండు అంచులు పట్టుకుని లోపలికి దించింది. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, ఒక మూల తర్వాత దాని ఎదురు మూల. ర్యాములు పెట్టి రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కింది. టక్, టక్. ఫ్యాను రెక్కల మీద ఉఫ్ మని ఊది బిగించింది. పవర్ బాక్సు, డిస్కు, సీడీ డ్రైవు. ఆమె వేళ్లు ఎక్కడా వెతుక్కోలేదు. వైర్లు ఒక పక్కకు దువ్వి, రవికలోంచి నీలం దారం ముక్క తీసి, కట్టి, ఒక కొస పొడుగ్గా వదిలింది. నత్త ఇంకాస్త దగ్గరికి జరిగి చూసింది. యార్డులో అందరూ విప్పడంలోనే దిట్టలు. ఇలా కూర్చడం తను చూడనేలేదు.

అత్త మానిటరు తగిలించి కరెంటు ఇచ్చింది.

"స్విచ్చు లేదుగా," అన్నాడు అధికారి.

ఆమె స్క్రూడ్రైవరు కొసను బోర్డు మీది రెండు సన్నటి పుల్లలకు ఒక్క క్షణం ఆనించి తీసింది. చిన్న పిట్ట కూసినట్టు బీప్ మంది. ఫ్యాను తిరిగింది. తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పాకాయి.

అధికారి ఒక పొట్లం విప్పాడు. లోపల కాలిన పవర్ బాక్సు. కాగితం లోపలివైపు గుండ్రటి పెద్ద అక్షరాలతో ఒక తేదీ, కింద ఒక వాక్యం. '96ది కాలింది. 217ది పెట్టాను.' ఇంకోటి విప్పాడు. '140 డిస్కు గీరుతోంది. 217ది పెట్టాను. పిల్లల లెక్కలు ఇందులోకి మార్చాను, పోలేదు.' ఏడూ విప్పాడు. ఏడింటి మీదా తేదీలున్నాయి. ఎక్కడా కొట్టివేత లేదు.

"పాడైనవి కూడా పారేయలేదా?"

"పారేయడానికి నావి కాదు కదండీ," అంది ఫినాయిలమ్మ.

ఆయన కాగితాల ముడతలు అరచేత్తో సాపుచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, స్టోర్ కీపరు ముందుకు జరిపాడు. "వీటిమీద సంతకాలు లేవు. పెట్టించండి. రిజిస్టరుకు అతికించండి."

"సర్?"

"రికార్డే కదా. రాసినవాళ్లు సంతకం పెడితే రికార్డే." పెన్ను తీసి గేట్ పాసు మీద సంతకం పెట్టాడు. మూత పెడుతూ ఆమె వైపు తిరిగాడు. "మీరు రేపు పదింటికి నా ఆఫీసుకు రండి."

"పంపించేస్తారా సార్?"

"కొత్త ల్యాబులో తొమ్మిది పనిచేయడం లేదు. మెకానిక్కు మూడు నెలలకు గానీ రాడట." మెట్లెక్కుతూ ఆగాడు. "గోడ మీది ఆ బోర్డు కూడా మీరే తీసేయండి. మేకు ఊడదీయడం వచ్చుగా."

అత్త పకపకా నవ్వింది. ఆ నవ్వుకి స్టోర్ కీపరు కూడా నవ్వబోయి, కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

ఫినాయిలమ్మ ఏడు కాగితాల మీదా సంతకం పెట్టింది. హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా పెట్టలేదట. ఏడోదానికి చెయ్యి కుదురుకుంది. స్టోర్ కీపరు వాటిని అతికించి, రబ్బరుతో పెన్సిలు రాత చెరిపి, కాగితం పొడిని ఊది, మూడు పెన్నుల్లో మంచిది తీశాడు.

"ఇంక దీన్ని ఆపాలి," అంది అత్త మెల్లగా. "డిస్కు చిల్లుపెట్టాలి. ఇది ఒక్కటే మిగిలింది."

"నేను పెట్టొచ్చామ్మా?" అంది ఫినాయిలమ్మ.

అత్త డ్రిల్లింగ్ మిషను ఆమె చేతికిచ్చింది. డిస్కు ఎక్కడ గట్టిగా పట్టుకోవాలో నత్త చూపించబోయి ఆగింది. అవసరం లేదు. ఆమె ఎడమచేత్తో డిస్కును అదిమి, ఒకసారి నిమిరినట్టు తుడిచి, మిషను ఆనించింది. వెండిపొడి సన్నగా రాలింది. ఆ పొడిని ఆమే గుడ్డతో ఎత్తింది.

నత్త సంతకం కోసం నోటుపుస్తకం తీసుకుని వెళ్లేసరికి రిజిస్టరు ఇంకా తెరిచే ఉంది. సిరా ఆరుతోంది. 217 ఎదురుగా రిమార్కుల గడిలో ఆ పేర్చినట్టుండే అక్షరాలు.

'ఎక్కడికీ పోలేదు. ఏడు యంత్రాలలో పనిచేసినది.'

---

గురువారం పొద్దున యార్డులో లారీ దించారు. లోడింగు మేస్త్రీ కత్తెరల డబ్బా పట్టుకుని వచ్చాడు.

"రెండువందల పైచిలుకు ఉన్నాయి. ఏమే నత్తా, ఇవాళైనా కాస్త చెయ్యి విదిలిస్తావా? కటుక్కు కటుక్కుమని కత్తిరించెయ్. సాయంత్రానికి తేలాలి."

నత్త కత్తెర తీసుకోలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని మొదటి కంప్యూటరు దగ్గరికి లాక్కుంది. లోపల నీలం దారం. పొడుగు కొస వెతికి పట్టుకుని మెల్లగా లాగింది. ముడి విడిపోయింది. వైర్లు జుట్టులా పరుచుకున్నాయి. దారాన్ని చూపుడువేలికి చుట్టుకుని పక్కనున్న డబ్బాలో వేసి, ఇంకోటి అందుకుంది.

మేస్త్రీ కాసేపు నిలబడి చూశాడు. తర్వాత కత్తెరల డబ్బా కింద పెట్టి, పక్కనే చతికిలబడ్డాడు.

"ఏదీ," అన్నాడు, "ఏ కొస లాగాలి?"